అగ్రరాజ్యంతో కుదిరిన ఎఫ్‌టీఏ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. రెండు జెండాల నడుమ, తోలు అట్టలో తమరు దిగిన ఫొటో చూశాం. కళగా ఉన్నారు. ఆ అట్ట లోపల ఏముందో ఫొటోలో నవ్వుతున్నవాళ్లకు తెలిసినా తెలియకపోయినా, రేవులో కాగితాలు నింపేవాళ్లకు తెలియక తప్పదు. తమ మీద పొగడ్తలకు కొదవ లేదు, శాపనార్థాలకూ లేదు. తమ అనుబంధాలు తిరగేసి రాసేవాళ్లే తక్కువ కనుక ఆ లోటు మేం తీరుద్దామని ఈ సాహసం.

ముందు తమ వంశగౌరవం. ఎవరు తమ గురించి ఉపన్యసించినా 1817 నాటి ఆర్థికవేత్త డేవిడ్ రికార్డోతో మొదలుపెడతారు. ఆయన లెక్కలో ఇంగ్లండుకు బట్ట నేయడానికి ఏడాదికి 100 మంది కావాలి, వైన్ చేయడానికి 120 మంది. పోర్చుగల్‌కు బట్టకు 90, వైన్‌కు 80 చాలు. రెండింట్లోనూ పోర్చుగలే మెరుగైనా, అది వైన్ చూసుకుని బట్ట ఇంగ్లండుకు వదిలేస్తే ఇద్దరికీ లాభమే. లెక్కలో తప్పు లేదు. అయితే ఆ లెక్కకు 114 ఏళ్ల ముందే, 1703లో, ఈ ఇద్దరి మధ్యే మెథ్యూన్ ఒప్పందం జరిగింది. మొత్తం మూడే నిబంధనలు. తమలాగా వేల పేజీల శరీరం కాదు ఆ పూర్వీకుడిది. ఇంగ్లండు ఉన్ని బట్టలకు పోర్చుగల్ తలుపు తీయాలి, పోర్చుగల్ వైన్ మీద ఫ్రెంచి వైన్ కంటే మూడోవంతు తక్కువ సుంకం ఇంగ్లండు వేయాలి. పోయిన వైన్ కంటే వచ్చిన బట్టే ఎక్కువైంది. ఆ తేడా బ్రెజిల్ బంగారంతో కట్టారు. రికార్డో లెక్కలో ఆ బంగారం కనపడదు.

ఇక తమరు చేసే మొదటి మేలు: సుంకం తగ్గిస్తారు, సరుకు చవకవుతుంది. ఎవరి డబ్బుతో చవకవుతుందో ఒక్కసారి కూడి చూద్దాం. ఒక యంత్రం మూడో దేశంలో 95కు దొరుకుతుంది, తమ అగ్రరాజ్యంలో 100కు. అందరి మీదా 10 శాతం సుంకం ఉన్నప్పుడు మూడో దేశపుది 104.50, అగ్రరాజ్యానిది 110. కొనేవాడు మొదటిది కొంటాడు, ఖజానాకు 9.50 వస్తుంది. తమరు వేంచేశాక అగ్రరాజ్యపుది 100, మూడో దేశానిది అదే 104.50. కొనేవాడు ఇటు తిరుగుతాడు. అతనికి 4.50 మిగిలింది, ఖజానాకు 9.50 పోయింది. దేశం మొత్తమ్మీద 5 నష్టం, సరుకేమో నిజానికి ఎక్కువ ఖరీదుది. ఆర్థికవేత్త జేకబ్ వైనర్ 1950లోనే చెప్పిపెట్టిన సంగతి ఇది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదేనండి. అలాగని ప్రతి సరుకులోనూ ఇలా జరగదు. అగ్రరాజ్యం నిజంగానే చవగ్గా చేసే సరుకైతే లాభం మొత్తం మనదే. ఏ సరుకు ఏ కోవలోదో సంతకానికి ముందు వరస వారీగా లెక్క కట్టాలి. సంతకమయ్యాక కట్టే లెక్క పరిశోధన పత్రాలకు పనికొస్తుంది.

ఏ సుంకం ఎప్పుడు తగ్గాలో రాసుకునే తమ షెడ్యూళ్లు మరో ముచ్చట. చిన్న దేశం వాగ్దానాలకు తేదీలుంటాయి, పెద్ద దేశం వాగ్దానాలకు యుగాలుంటాయి. 1963లో ఐరోపాతో కోళ్ల మీద వచ్చిన తగువుకు జవాబుగా అమెరికా చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల తగువు ఎవరికీ గుర్తు లేదు, ట్రక్కుల సుంకం మాత్రం చెక్కుచెదరలేదు. 2012లో అమల్లోకి వచ్చిన దక్షిణ కొరియా ఒప్పందం దాన్ని 2021కల్లా తీసేస్తానంది. తీరా 2018లో మళ్లీ బేరం పెట్టి ఆ గడువును 2041కి జరిపారు. ఇక 2005 నాటి అమెరికా–ఆస్ట్రేలియా ఒప్పందంలో ఆస్ట్రేలియా పంచదారకు అదనంగా దక్కింది సున్నా. గొడ్డుమాంసానికి 18 ఏళ్ల నిరీక్షణ. ఆస్ట్రేలియా తన కాపీరైట్ గడువును రచయిత మరణానంతరం 50 ఏళ్ల నుంచి 70కి పెంచడానికి మాత్రం 18 ఏళ్లు పట్టలేదు, అది ఆ సంవత్సరమే అయిపోయింది.

సుంకం సున్నా అయిందనే అనుకుందాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా! ఆ పూజారి పేరు ‘రూల్స్ ఆఫ్ ఆరిజిన్’, అంటే సరుకు ఏ దేశానిదో తేల్చే నియమాలు. తమ ఒంట్లో అసలు ప్రాణం ఈ అధ్యాయంలోనే ఉందని మా నమ్మకం, ఎవరూ చదవనిదీ ఇదే. సరుకు మన దగ్గర తయారైతే చాలదు, తమ కొలతలో ‘మనది’ కావాలి. ఒక పద్ధతిలో, సరుకులన్నిటికీ దేశాలు వాడే ఉమ్మడి వర్గీకరణ సంఖ్యల్లో, తెచ్చుకున్న ముడిసరుకు హెచ్‌ఎస్ కోడ్ మొదటి నాలుగు అంకెలకూ తయారైన వస్తువు కోడ్‌కూ తేడా ఉండాలి. మరో పద్ధతిలో, ఓడ మీదకు ఎక్కించే ధరలోంచి విదేశీ ముడిసరుకు ఖరీదు తీసేసి, మిగిలింది ఎంత శాతమో చూస్తారు. చాలా చోట్ల గీత 40 శాతం. ధర 100, విదేశీ భాగాలు 58 అయితే 42 శాతం వచ్చింది, గట్టెక్కాం. ఆర్నెల్లకు మన కరెన్సీ జారి ఆ భాగాలు 7 శాతం ప్రియమయ్యాయి. 58 కాస్తా 62 దాటింది, శాతం 38కి పడింది. అదే షెడ్డు, అదే మనుషులు, అదే బోల్టు. నిన్న మనదైన వస్తువు ఇవాళ పరాయిదైపోయింది. పూర్తి సుంకం కట్టండి!

బట్టల సంగతి ఇంకా గడ్డు. అమెరికా ఒప్పందాల్లో చాలావాటికి ‘యార్న్ ఫార్వర్డ్’ నియమం ఉంటుంది. నూలు వడకడం దగ్గర్నుంచి నేత, కత్తిరింపు, కుట్టు అన్నీ ఒప్పందంలో ఉన్న దేశాల్లోనే జరగాలి. మూడో దేశం నుంచి గుడ్డ తెచ్చుకుని చొక్కా కుట్టే ఊరికి సున్నా సుంకం అద్దంలో చందమామే. గుడ్డ అగ్రరాజ్యం నుంచే కొనుక్కుంటే అభ్యంతరం లేదు, ఎంత దయ! తర్వాత రవాణా. సరుకు మధ్యలో మరో రేవులో దిగి ఓడ మారితే, దారి పొడుగునా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడవాళ్లిచ్చే సరుకు రసీదు) ఉండాలి, అక్కడ ఎవరూ సరుకును ముట్టుకోలేదని రుజువు ఉండాలి. రికార్డులు అయిదేళ్లు దాచాలి. ఏ నాలుగో ఏటో అవతలి కస్టమ్స్ తనిఖీకి వచ్చి కాదంటే బకాయి వడ్డీతో సహా దిగుమతిదారు నెత్తిన పడుతుంది. అందుకే మామూలు సుంకం 2.5 శాతమే ఉన్నచోట, ‘ఈ సర్టిఫికెట్ గొడవంతా ఎందుకండీ, సుంకం కట్టేస్తాం’ అని కొనుగోలుదారే అంటాడు. తమరు అమల్లో ఉంటారు, తమను వాడేవాడు ఉండడు.

పూజారి ఒప్పుకున్నా ద్వారపాలకులున్నారు. మెక్సికో అవకాడోలను తెగుళ్ల భయంతో అమెరికా 1914లో నిషేధించింది. 1994లో అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా వచ్చినా ఆ నిషేధం కదల్లేదు. 1997లో కదిలింది, అదీ ఎలాగంటే: ఈశాన్యాన 19 రాష్ట్రాలకు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే. పండుతోపాటు పురుగు వచ్చినా ఆ చలికి చస్తుందని లెక్క. దేశమంతటికీ తలుపు తెరుచుకునేసరికి 2007 వచ్చింది. పురుగు భయం ఉత్తదని మేం అనం. అదే నాఫ్టాలో అమెరికా మొక్కజొన్నకు మెక్సికో 15 ఏళ్ల గడువు అడిగి సాధించుకుంది, కోటా దాటితే సుంకం వేసే హక్కూ ఉంచుకుంది. తీరా కోటా దాటి వచ్చిన సరుకు మీద చాలా ఏళ్లు ఆ సుంకం వసూలే చేయలేదు. గొడుగు ఉండి కూడా తడిసిన ఘనత మెక్సికో ప్రభుత్వానిదే. ఈ ఒక్క విషయంలో తమరు నిర్దోషులు. అవతల ఆ మొక్కజొన్నకు అందుతున్న సబ్సిడీల గురించి మాత్రం తమరు నోరెత్తలేదని గుర్తుచేస్తున్నాం.

తమ వాణిజ్యంలో వాణిజ్యం కానివి ఎన్ని దూరుతాయో కూడా చెప్పుకోవాలి. ప్రమాదకర వ్యర్థాలు పాతిపెట్టే స్థలానికి మెక్సికోలో ఒక మునిసిపాలిటీ పర్మిట్ ఇవ్వలేదు. మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ పెట్టుబడిదారు నేరుగా ప్రభుత్వం మీద దావా వేయనిచ్చే నాఫ్టా 11వ అధ్యాయం తీసింది. 2000లో ట్రిబ్యునల్ 1.66 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. ఇలాంటివన్నీ చిన్న దేశాలు కోరుకునే రాయించుకుంటాయా? దానికి రుజువు 2017లో దొరికింది. పసిఫిక్ తీర దేశాలు 12 కలిసి రాసుకున్న టీపీపీ ఒప్పందం నుంచి అమెరికా లేచి వెళ్లిపోగానే, మిగిలిన 11 దేశాలు కూర్చుని 22 నిబంధనలను పక్కన పెట్టాయి. మందుల పేటెంట్లు, కాపీరైట్‌ల వంటివే వాటిలో ఎక్కువ. పెద్దాయన గదిలోంచి వెళ్లాక అందరూ కాళ్లు చాపుకున్నారన్నమాట.

పెద్దాయనకు కోపమొస్తే తమరు ఎక్కడుంటారన్నది మా అసలు అనుమానం. 2018 జూన్‌లో కెనడా, మెక్సికోల ఉక్కు మీద అమెరికా 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసింది. కారణం జాతీయ భద్రత! అప్పటికి నాఫ్టా అమల్లోనే ఉంది. అటు చైనాతో ఆస్ట్రేలియా ఒప్పందం 2015 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ పుట్టుకపై విచారణ జరగాలని ఆస్ట్రేలియా అడిగింది. మే నెలకల్లా దాని బార్లీ మీద 80.5 శాతం సుంకం పడింది. పేరు యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా కుమ్మరించే సరుకుకు శిక్ష), సబ్సిడీ వ్యతిరేక సుంకం. కాగితాలన్నీ సవ్యమే. తర్వాతి ఏడాది వైన్ మీద కొన్ని కంపెనీలకు 218.4 శాతం దాకా వెళ్లింది. బార్లీ సుంకం 2023 ఆగస్టులో, వైన్ సుంకం 2024 మార్చిలో తొలిగాయి. ఆ మూడు నాలుగేళ్లూ తమరు బీరువాలో క్షేమంగా ఉన్నారు.

ఇంత తిట్టాక మంచి కూడా చెప్పకపోతే కళ్లు పోతాయి. ఇదే చైనాతో 2008లో ఒప్పందం చేసుకున్న న్యూజిలాండ్ పాలపొడి రైతులు ఏళ్ల తరబడి జనవరి మొదటి రోజుల్లోనే తగ్గింపు సుంకం పరిమితి అయిపోవడం చూశారు. మిగతా ఏడాదంతా మామూలు సుంకం కడుతూ 2024 జనవరి 1 దాకా ఓపిక పట్టారు, పూర్తి విముక్తి దక్కించుకున్నారు. తమరు లేకపోతే ఆ తేదీ అనేదే లేదు. మెక్సికో ట్రక్కులను రానిస్తానని నాఫ్టాలో మాటిచ్చి అమెరికా తప్పింది. 2001లో నాఫ్టా వివాదాల ప్యానెల్ మెక్సికో పక్షాన తీర్పిచ్చింది. తీర్పు వచ్చినా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. 2009లో మెక్సికో సుమారు 90 రకాల అమెరికా సరుకుల మీద, 240 కోట్ల డాలర్ల వ్యాపారం మీద సుంకాలు వేసింది. మరుసటి ఏడు జాబితా మార్చి పంది మాంసం చేర్చింది. 2011లో అమెరికా దిగొచ్చింది. ఆ జాబితా వేసే హక్కు ఇచ్చింది తమరే, అందుకు దండం. కలప తగువులో మాత్రం కెనడా ప్యానెళ్లలో గెలిచి కూడా, అమెరికా వసూలు చేసిన 500 కోట్ల డాలర్లలో సుమారు 400 కోట్లే 2006లో వెనక్కి తెచ్చుకోగలిగింది. గెలిచినవాడికే కోత!

బేరం తూకం ఎటు ఉందో తెలియాలంటే తమ చిట్టచివరి నిబంధన చూడాలి. ఆర్నెల్ల నోటీసిచ్చి ఎవరైనా తప్పుకోవచ్చు, నాఫ్టాలో అది అందరికీ సమానంగానే ఉండేది. మెక్సికో ఎగుమతుల్లో నూటికి 80కి పైగా వెళ్లేది అమెరికాకు. అమెరికా ఎగుమతుల్లో మెక్సికోకు వచ్చేది ఆరోవంతు. ఆ ఆర్నెల్లు ఒకరికి సెలవుచీటీ, మరొకరికి ఉరిచీటీ. 2017లో నోటీసు ఇస్తామని అమెరికా బెదిరిస్తేనే పని జరిగింది: నాఫ్టా స్థానంలో వచ్చిన కొత్త ఒప్పందంలో, కార్లలో ప్రాంతీయ వాటా 62.5 నుంచి 75 శాతానికి పెరిగింది, దానికితోడు 40–45 శాతం పని గంటకు 16 డాలర్లు సంపాదించేవాళ్ల చేతుల్లో జరగాలన్న షరతూ చేరింది.

కనుక తమరు రావద్దని కాదు, వచ్చేటప్పుడు ఇవి వెంట తెండి. కోడ్ మార్పు, 40 శాతం, ఈ రెండింట్లో ఏది నెగ్గినా చాలనే ‘లేదా’ ఒకటి. కరెన్సీ జారుడుకు తట్టుకునే 10 శాతం సడలింపు. దిగుమతులు ఫలానా టన్నులు దాటగానే ఎవరి అనుమతీ అడక్కుండా సుంకం దానంతటదే లేచే ఏర్పాటు. జాతీయ భద్రత పేరు ఎత్తినవాడు అంతే విలువైన రాయితీ మరోచోట చెల్లించాలన్న వాక్యం. పర్మిట్ ఇవ్వని మునిసిపాలిటీని కోర్టుకీడ్చే అధ్యాయం అక్కర్లేదు. మా ప్రభుత్వానికీ ఒక మనవి: అగ్రరాజ్యానికి సున్నా చేసిన సరుకుల మీద మిగతా దేశాలకూ సుంకం కొంత తగ్గించండి, పైన చెప్పిన 9.50 అంత తేలిగ్గా పోదు. దీనికి అగ్రరాజ్యం సంతకం కూడా అక్కర్లేదు.

ఇట్లు,
తమ 4వ అధ్యాయం (రూల్స్ ఆఫ్ ఆరిజిన్) ఆసాంతం చదివిన కొద్దిమంది

తా.క.: తమ అనుబంధాల్లో కోడ్‌లు 2012 నాటి హెచ్‌ఎస్‌లో ఉన్నాయి. కస్టమ్స్ ఇప్పుడు 2022 ఎడిషన్ వాడుతోంది, ఈ మధ్యలో 2017 ఎడిషన్ కూడా వచ్చి వెళ్లింది. సర్టిఫికెట్ మీద ఏ కోడ్ వేయాలో రెండు దేశాలూ కలిసి ఒక పట్టిక ప్రచురించేదాకా, కోడ్‌లు కలవని ప్రతి కంటెయినరూ రేవులో డెమరేజీ (ఆలస్యపు అద్దె) కడుతూ కూర్చుంటుంది. పట్టిక ఎప్పుడు పంపిస్తున్నారు?