నిలువు కడ్డీల న్యాయం

విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగులు ఇదివరకు గొంతు బలంతో నడిచేవి. ఎంవీపీ కాలనీలో ఓ ఫ్లాట్ ఓనరు అరిస్తే రైతుబజారు దాకా వినిపించేది. ఇప్పుడు నాగరికత పెరిగింది. గూగుల్ షీట్స్ ఉచితం, అందులో చార్టు ఉచితం. కాబట్టి పోట్లాట శాస్త్రీయంగా సాగితేనే మర్యాద.

మెయింటెనెన్స్ నెలకు 2,400 నుంచి 2,500 అయిందనుకోండి. పెంపు నాలుగు శాతం పైచిలుకు. ఉన్నదున్నట్టు చూపిస్తే ఎవరికీ రక్తం మరగదు, మీటింగు పావుగంటలో తేలిపోయి తెప్పించిన టీ మిగిలిపోతుంది. అంచేత వ్యతిరేక వర్గం చేయవలసిందిది: రెండు అంకెలూ సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్‌లో చార్ట్ నొక్కి, కాలమ్ చార్ట్ ఎంచుకుని, కస్టమైజ్‌లో వర్టికల్ యాక్సిస్ తెరిచి, మిన్ గడిలో 2380 కొట్టాలి. పాత కడ్డీ ఎత్తు 20, కొత్తది 120. అయిదో అంతస్తు పెద్దాయనకు కళ్లజోడు లేకపోయినా ఆరు రెట్ల దోపిడీ కనబడుతుంది. కమిటీ వర్గమూ తక్కువ తినలేదు. మిన్‌లో 0, మ్యాక్స్‌లో 10000 కొడితే రెండు కడ్డీలూ పొట్టిగా, కవలల్లా, ఏ పాపమూ ఎరగనట్టు నిలబడతాయి. అంకెల జోలికి ఎవరూ పోలేదు కాబట్టి ఎవరినీ అబద్ధాలకోరు అనడానికి లేదు. (కడ్డీ పొడవే విలువ చెబుతుంది గనక అది సున్నా నుంచే మొదలవ్వాలి, గీతల చార్టుకు అంత పట్టింపు లేదు. ఈ ముక్క వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, రెండు వర్గాలూ కలిసి మీ మీద పడతాయి.)

ట్రెజరర్లు ముక్కలుగా కోసిన గుండ్రటి ‘పై చార్టు’ను నమ్ముకుంటారు. టర్కీ సామ్రాజ్యం ఏ ఖండంలో ఎంత ఉందో చూపడానికి 1801లో విలియం ప్లేఫేర్ వాడిన చక్రమది. ఇక్కడ దాన్ని లిఫ్టు, వాచ్‌మన్, ట్యాంకర్ నీళ్లు పంచుకుంటాయి. 3డి టిక్కు పెడితే చక్రం వెనక్కి వాలుతుంది, ముందున్న ముక్కకు అంచు మందం కూడా కలిసొచ్చి లావెక్కుతుంది. గూగుల్ షీట్స్ ముక్కల్ని పైనుంచి మొదలెట్టి గడియారం తిరిగే వైపు పేరుస్తుంది, అంచేత మధ్య వరసవి కింద, అంటే ముందు వైపు పడతాయి. కాబట్టి తిట్టించదలచిన ఖర్చును పట్టికలో మధ్య వరసకు తేవాలి, దాచదలచినది మొదట్లోనో చివర్లోనో ఉంచాలి. పెయింటింగు కాంట్రాక్టు ఎప్పుడూ మొదటి వరసలోనే ఎందుకుంటుందో సభ్యులు గ్రహించగలరు.

ట్యాంకర్ల లెక్కకు కుట్ర కూడా అక్కర్లేదు, షీటే చేసిపెడుతుంది. సెట్టింగ్స్‌లో లొకేల్ (ఏ దేశపు పద్ధతో చెప్పే గడి) యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే మన 05/04 మే నాలుగవుతుంది. అలా ఏప్రిల్ మొదటి పన్నెండు రోజుల ట్యాంకర్లూ ఏడాది పొడుగునా నెలకొకటి చొప్పున, ఠంచనుగా నాలుగో తేదీన దిగుతాయి. ఇంత క్రమశిక్షణ గల నీటి సరఫరా విశాఖ ఎన్నడూ ఎరగదు. పదమూడు నుంచి ముప్పై దాకా వచ్చినవి షీటు దృష్టిలో తేదీలే కావు, ఉత్త అక్షరాలు. లొకేల్ ఇండియాకు మార్చినా పాత తేదీలు మళ్లీ కొట్టుకోవాల్సిందే. అలాగే గడిలో ‘2500 రూ.’ అని రాస్తే అదీ అక్షరాల కిందే లెక్క, కడ్డీ లేవదు. ఖర్చు మాయం చేయడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

ఇక ఇంటి లెక్కలు. 1898లో కెప్టెన్ సాంకీ ఆవిరి యంత్రంలో శక్తి ఎక్కడెక్కడ కారిపోతుందో చూపడానికి గీసిన పటం, ప్రవాహం ఎంతుంటే పట్టీ అంత వెడల్పుండేది, జీతానికి అతికినట్టు సరిపోతుంది. అలాంటి పటాలు గీసిపెట్టే సాంకీమ్యాటిక్ వెబ్‌సైట్‌లో వరసకొక ప్రవాహం రాయాలి: కంపెనీ [42000] జీతం, జీతం [14000] అద్దె, అలా. వచ్చినదీ పోయినదీ కలవకపోతే తేడా ఎంతో అదే బయటపెడుతుంది. 1,800 తేలిందనుకోండి, అంతా ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నామంటే ఇంట్లో ఎవరూ నమ్మరు. అంకె బదులు నక్షత్రం గుర్తు పెట్టి జీతం [*] ఇతరాలు అని రాస్తే మిగిలినదంతా అటు మళ్లుతుంది. కాకపోతే ఆ పట్టీ వెడల్పు అందరికీ కనిపిస్తుంది.

మళ్లీ అపార్ట్‌మెంట్ సంగతి: షీటు లింకు పంచేటప్పుడు వ్యూయర్ అనే ఉంచాలి. లింకున్న వాళ్లందరికీ ఎడిటర్ ఇచ్చేస్తే, అర్ధరాత్రి పెయింటింగు కాంట్రాక్టు మధ్య వరసకు వచ్చేస్తుంది. ఆ పని చేసినవారు లాగిన్ కాకుండా వస్తే పైమూల ఏదో అనామక జంతువు బొమ్మే కనబడుతుంది. క్యాపిబారా మీద చర్య తీసుకోవాలని మినిట్స్‌లో రాయడానికి ఏ సెక్రటరీ గారూ ఒప్పుకోరు.