ఇడ్లీ ముక్క పట్టా

హైదరాబాద్‌లో సామాన్యుడికి స్థిరాస్తి అందని ద్రాక్ష అని వాపోయేవాళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు కూకట్‌పల్లి వైపు ఏ సెల్ఫ్ సర్వీస్ టిఫిన్ సెంటర్‌లోనూ అడుగు పెట్టి ఉండరు. అక్కడ ఒక ప్లేటు ఇడ్లీ కొన్నవాడికి నాలుగు కుర్చీల టేబుల్ ఉచితం. స్టాంప్ డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. ఒకే ఒక్క షరతు: ఆఖరి ఇడ్లీ ముక్కను తినకూడదు.

ఆ ముక్క ప్లేటులో ఉన్నంతసేపూ మనిషి ఇంకా తింటున్నట్టే లెక్క. ఓనర్ లేవమనలేడు. క్లీనింగ్ కుర్రాడు ప్లేటు తీయలేడు. దోసె ట్రేతో నిలబడ్డ నాబోటివాడు రెండుసార్లు దగ్గి ఊరుకోవాలి. ముక్క ఎండి అంచులు గట్టిపడినా, ఈగ వాలి లేచినా, దాని చెల్లుబాటుకు ఢోకా లేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం పరాయివాడి ప్రైవేటు స్థలం మీద హక్కు పుట్టాలంటే 12 ఏళ్లు ఎవరూ అడ్డు చెప్పకుండా దాన్ని బాహాటంగా అనుభవించాలి. టిఫిన్ సెంటర్లో 12 నిమిషాలు చాలు. ఆ తర్వాత దగ్గర్లో ఎవరు నిలబడినా వాళ్లే ఆక్రమణదారుల్లా కనిపిస్తారు.

ఈ చట్టం లోతుపాతులు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు రియల్ ఎస్టేట్ సోదరులు. వాళ్ల వృత్తే పొజిషన్ కదా.

నలుగురు వస్తారు. ఒకాయన లైన్లో నిలబడి టోకెన్ తీసుకుంటాడు: ఒక ప్లేటు ఇడ్లీ, రెండు టీలు, ఖాళీ కప్పులు అదనంగా రెండు. ఈలోగా మిగతా ముగ్గురూ ఒక కుర్చీలో హెల్మెట్, ఇంకో కుర్చీలో బ్యాగు, టేబుల్ మీద కారు తాళాలు పెట్టి సర్వే పూర్తి చేస్తారు. ఇక ఆ ఆస్తికి హద్దులు ఇవి. తూర్పు: చేతులు కడుక్కునే సింకు. పడమర: టోకెన్ కౌంటర్. ఉత్తరం: చట్నీ బకెట్. దక్షిణం: ట్రేతో నేను.

ఇడ్లీ రాగానే లేఅవుట్ కాగితం విప్పుతారు. అది సగం టేబుల్ దాటి పక్కవాళ్ల పూరీ మీదకు వెళ్తుంది. వాళ్లు పాపం ప్లేటు ఒళ్లోకి లాక్కుని తింటారు. కాగితం చుట్టుకుపోకుండా ఒక మూల సాంబారు గిన్నె, ఒక మూల నీళ్ల గ్లాసు, ఇంకో మూల ఫోన్. నాలుగో మూలకు హద్దురాయిగా మన ఇడ్లీ ముక్క, ప్లేటుతో సహా.

"రాయి విసిరితే రీజినల్ రింగ్ రోడ్డు మీద పడుద్ది సార్."

పార్టీ, అంటే కొనడానికి వచ్చినాయన, పెద్దమనిషి. అంత తేలిగ్గా పడడు. చూపుడువేలితో మ్యాపంతా నడిచి వచ్చి, ఒకచోట ఆగుతాడు. "ఇదేంటండీ, ఇక్కడ మడుగులా ఉంది? చెరువు శిఖమా?"

అది సాంబారు మరక. గిన్నె అడుగున కారి, 114వ నంబరు ప్లాటు నుంచి పార్కు దాకా పాకింది.

"అబ్బే, అది సాంబారు సార్. చెరువు నిండితే నీళ్లొచ్చే ఎఫ్‌టీఎల్‌లోకి మన బిట్టు రాదు, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్‌లోకీ రాదు. అన్నీ క్లియర్." టిష్యూ పేపర్‌తో చెరువును పూడుస్తాడు. మనవాళ్లకు చెరువు పూడ్చడం ఎంత అలవాటో ఆ చేతివాటం చూస్తే తెలిసిపోతుంది. మ్యాపు మీద ముందున్న పార్కు ఆ తుడుపుతో మాయమైంది. దాని గురించి పార్టీ అడగలేదు, ఈయన చెప్పలేదు. ఇంతలో ఫోన్ మోగుతుంది. స్పీకర్ ఆన్. అవతలి ఆయన గజానికి ఎంత తగ్గిస్తాడో హోటల్ మొత్తానికీ తెలుస్తుంది. వాట్సాప్‌లో ఈసీ, అంటే స్థలం మీది లావాదేవీలు, తాకట్లు చూపే కాగితం, వస్తుంది. లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు, వస్తాయి. పార్టీ బావమరిది వస్తాడు, పక్క టేబుల్ నుంచి కుర్చీ లాక్కుంటాడు. నా దోసె చల్లారి అప్పడమవుతుంది. ఇడ్లీ ముక్క మాత్రం పదిలం.

ఇంకో రకాలూ ఉన్నాయి. బర్గర్ షాపులో ఒక్క ఫ్రెంచ్ ఫ్రైస్ ప్యాకెట్ నడుమ పెళ్లిచూపులు జరిపించే ఇరుపక్షాలు, చైన్ మార్కెటింగ్‌లో చేరితే ఏడాదిలో కారు వస్తుందని ఒకే కోల్డ్ కాఫీ మీద మూడు గంటలు బోధించే గురువులు. వాళ్ల జోలికి ఇవాళ వెళ్లను. స్థలం చాలదు, స్థలమంతా పైవాళ్ల దగ్గరే ఉంది.

అసలు ఫాస్ట్ ఫుడ్ ఇవాళ్టి రూపానికి రావడంలో ఈ తిష్ఠ వేసే జాతి పెట్టిన బాధకూ పాలుంది. 1948లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు బాగా నడుస్తున్న హోటల్‌ను కావాలనే మూసేసి కొత్త పద్ధతిలో తెరిచారు. కార్ల దగ్గరికి వచ్చి వడ్డించే అమ్మాయిలను తీసేశారు. మెనూ కోసేశారు. ప్లేట్ల బదులు కాగితం పెట్టారు, హాంబర్గర్ 15 సెంట్లన్నారు. ఆవరణలో గుంపు కట్టి కదలని కుర్రకారును వదిలించుకోవడం కూడా వాళ్ల ఉద్దేశాల్లో ఒకటి. పాపం, వాళ్లకు మన ఇడ్లీ సంగతి తెలియదు.

2014 జనవరిలో న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో అదే కంపెనీ షాపు ఒకటి పోలీసులను పిలిచింది. కొరియన్ పెద్దవాళ్లు చిన్న కాఫీ కొనుక్కుని గంటల తరబడి కూర్చుంటున్నారని ఫిర్యాదు. గోడ మీద 20 నిమిషాల గడువు బోర్డు. గొడవ పెద్దదై, చివరికి రాజీ కుదిరింది: పగలు 11 నుంచి 3 దాకా రద్దీ వేళ తప్పిస్తే గంటసేపు కూర్చోవచ్చు. ఆ తాతలను నేనేమీ అనను. ఇంట్లో తోచక, వేరే చోటుకు పోలేక, తోటివాళ్ల ముఖం చూద్దామని వచ్చేవాళ్లు. మన తాతలకు కూడా ఈ నగరంలో కూర్చోవడానికి ఒక నీడపట్టు బెంచీ దొరకదు. ఇక కబుర్లే కావాలంటే ఇరానీ హోటళ్లు ఉండనే ఉన్నాయి. అక్కడ అమ్మే సరుకే కూర్చోవడం. చాయ్, ఉస్మానియా బిస్కెట్ దానికి సాకు.

కానీ మన నలుగురు సోదరులు చోటు లేనివాళ్లు కాదు. చోట్లు అమ్మేవాళ్లు! ఫుట్‌పాత్ మీద ఎక్కించి ఆపిన కారులో ఏడుగురు పడతారు, ఏసీ ఉంది. ఆఫీసు ఉంది, అందులో సోఫా ఉంది, సోఫా వెనక దేవుడి ఫొటో ఉంది. అయినా ఇక్కడికే రావాలి.

రాత్రి పదకొండుకు షట్టర్ సగం దించుతారు. మిగతా కుర్చీలన్నీ తిరగేసి టేబుళ్ల మీద పెట్టేస్తారు. వీళ్ల టేబుల్ ఒక్కటే వెలుగుతుంటుంది. తుడిచే కుర్రాడు మాప్ కర్ర పట్టుకుని దూరంగా నిలబడతాడు. ఏ ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చినవాడు. తెల్లారుజామున మళ్లీ వాడే లేచి ఇడ్లీ పాత్రలు కడగాలి. వీళ్లలో ఒకాయన చిటికె వేసి "ఏయ్ చోటూ, ఇటు తుడువ్" అంటాడు. కుర్రాడు వస్తాడు. టేబుల్ మీద ఫోన్ ఉంటుంది. ఎత్తరు. ఎవరూ ఎత్తరు. వాడు ఆ ఫోన్ చుట్టూ, తాళాల చుట్టూ, వీళ్ల మోచేతుల చుట్టూ గుడ్డ తిప్పి వెళ్లిపోతాడు. ఒక్క మోచెయ్యి లేవదు.

సిగ్గుండాలి. మీరు నమిలేది ఓనర్ కరెంటు బిల్లనుకుంటున్నారా? ఆయన లెక్క ఆయన రేపటి ఇడ్లీ ధరలో వేసుకుంటాడు. ఆ కుర్రాడి జీతం మీరు పదకొండుకు లేచినా అంతే, పన్నెండుకు లేచినా అంతే. మీరు అనుభవిస్తున్నది వాడి నిద్ర. కోటి రూపాయల బేరం మాట్లాడుతూ, వాడి గంట నిద్రకు పది రూపాయలు కూడా విదల్చకుండా, వెళ్తూ వెళ్తూ టూత్‌పిక్ నేల మీద ఊసి పోతారు!

సరే, ప్రభుత్వానికి నా విన్నపాలు. 2024లో చెరువుల కబ్జాల మీదకు హైడ్రా అనే ప్రభుత్వ సంస్థను దించినట్టే, టిఫిన్ సెంటర్లకూ ఒక చిన్న విభాగం పెట్టాలి. బుల్డోజర్ అక్కర్లేదు. ఆ ఆఖరి ముక్కను తీసి పట్టాదారు నోట్లో పెట్టే అధికారి ఒకరు చాలు. హోటల్లో తిండి మీద జీఎస్టీ 5 శాతం, వ్యాపార స్థలం అద్దె మీద 18 శాతం కాబట్టి, అరగంట దాటగానే బిల్లు మీద శాతం దానంతటదే మారిపోయే ఏర్పాటు చేయాలి. అద్దె గజాల్లో లెక్క కట్టండి, ఆ భాష వాళ్లకు త్వరగా ఎక్కుతుంది. ఇక ఆ టేబుల్ మీద కుదిరిన ప్రతి బేరంలో తుడిచిన కుర్రాడికి ఒక పర్సెంట్ కమీషన్ రాసివ్వాలి. మధ్యవర్తి అంటే ఇరుపక్షాల మధ్య నిలబడ్డవాడే అయితే, వాడు మొదటి నుంచీ గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.