బాబాయిలకి లిబర్టీ ట్రైనింగ్ ఇప్పించండి

ఈ ముహూర్తాల్లో మా కోనసీమకి ఇంకో కళ దిగిందండీ. లిబర్టీ హార్స్ షో అంట, అంటే తాడూ రౌతూ లేకుండా గుర్రం ట్రైనర్ సైగకే ఆడే సర్కస్ విద్య. డ్రోన్లు అయిపోయాయి, పెళ్ళికొడుకు పడవ మీద రావడం కూడా పాతబడిపోయింది, ఇప్పుడు గుర్రం. మొన్న అమలాపురం దగ్గర ఒక పెళ్ళిలో ఈవెంట్ కుర్రాడు మైకులో "పగ్గం లేదు, రౌతు లేడు, మాటకే ఆడుద్ది" అని అరుస్తుంటే ఎగబడి చూద్దును కదా, మెడకో తాడు, మూతికో తాడు, అటొక మనిషి ఇటొక మనిషి, ముందర లారీ అంత డీజే. తాళ్ళు సేఫ్టీకంట.

ఆ కుర్రాడిదేం తప్పులెండి, రీల్ అర నిమిషమే కదా ఉండేది. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ గుర్రాల ఆటలు మొదలెట్టాక సర్కస్ రింగు 42 అడుగుల దగ్గర స్థిరపడింది. అసలు లిబర్టీ ఆటలో ఆ రింగు మధ్యలో ట్రైనర్, చేతుల్లో ఒక పొడుగు కొరడా, ఒక పొట్టిది, చెయ్యి అందనంత దూరానికి సైగ అందడానికి. ముందు ఒక్కో గుర్రాన్నీ పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పి, పేరు పిలిస్తే పలికేలాగా చేసి, తర్వాత రెండిటిని కలిపి, తర్వాత మిగతావి, ఇలా నెలలు పడుద్ది. ఒకదానికొకటి పడని గుర్రాల్ని పక్కపక్కన పెట్టరు. సరిగ్గా చేస్తే క్యారెట్ ముక్క.

ఇంత ఓపికైన విద్య మనోళ్ళకి ముచ్చటేసింది కాబట్టి నాదో ప్రతిపాదన, పెళ్ళికొడుకు బాబాయిలతో మొదలెడదాం. బఫే పక్కన రింగు గీద్దాం. ఆరుగురు బాబాయిలు, తలపాగాలకి ఈకలు ఎలాగూ ఉన్నాయి. గట్టు తగాదా ఉన్న ఇద్దర్ని పక్కపక్కన పెట్టకూడదు, కరుచుకుంటారు. ముందు పెద్ద బాబాయిని ఒక్కడినే తాడు మీద కుడికి కాసేపు, ఎడమకి కాసేపు తిప్పాలి. పేరు పిలవగానే ఫోన్లోంచి తల ఎత్తితే ఒక తాపేశ్వరం కాజా. కొరడా పైకి లేస్తే ఆగాలి. మైకు కనపడ్డా దాని వైపు దూకకుండా వెనక్కి నడవడం అన్నిటికన్నా కష్టమైన ఐటెం, దానికి రెండు కాజాలు. మావయ్యలది వేరే బ్యాచ్, వాళ్ళు మధ్యలో అలుగుతారు. చివర్లో అందరూ ఒక్కసారిగా వెనక్కాళ్ళ మీద లేవాలి, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళని వదిలేద్దాం.

బాబాయిల మోకాళ్ళ సంగతి నాకైనా తోచింది, ఆ గుర్రం కాళ్ళ సంగతి ఆ పందిట్లో ఒక్కడికి తోచలేదు. భయమేస్తే పారిపోవడం దాని పుట్టుక, మనకి వినపడని శబ్దాలు కూడా దానికి వినపడతాయి, అలాంటిదాన్ని స్పీకర్ల ముందు తాళ్ళేసి పట్టుకుంటే కాళ్ళు ఉన్నచోటే కొట్టుకోక ఏం చేస్తాయి, దానికి మీరు విజిళ్ళు! ఒకాయన కళ్ళెంలో ఐదొందల నోటు దోపాడు, నోటి మూల రక్తం చూశాడు, చూసి నోటుకి అంటకుండా ఇవతలగా దోపాడు. 1998లో కేంద్ర ప్రభుత్వం పులుల్ని, సింహాల్ని, ఎలుగుబంట్లని ఆడించకూడదన్నారు, ఆ లిస్టులో గుర్రం లేదు. బండ్లు లాగే, బరువులు మోసే జంతువులకి ముళ్ళ కళ్ళెం వాడకూడదని 1965 రూల్స్‌లోనే ఉంది. హింసిస్తే ఫైనంటారా, 1960 జంతు హింస నివారణ చట్టంలో మొదటి తప్పుకి 10 రూపాయల నుంచి 50 దాకా. ఆ డబ్బుకి ఆత్రేయపురంలో పూతరేకుల బాక్సు రాదు.

తాళ్ళు వదలమని అడిగితే కుర్రాడు "దానికి అలవాటేనండి ఆయ్, రేపు రావులపాలెంలో రెండు బుకింగులు" అన్నాడు. సిగ్గుండాలి. పెళ్ళి మీది, డీజే మీది, అంత ఎగరాలనుంటే మీరే ఎగరండి.