ఓపిక ఉంటే చాలదు, ఆ మెసేజ్ ఇక పంపకండి

ఆ మెసేజ్ మా ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి చిత్తూరు నుంచి మా పిన్ని కూడా "చెల్లికి పనికొస్తుందేమో చూడు" అని పంపింది. ఇంటర్ పాసై మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే తిరుపతిలోనే క్లాస్‌రూమ్ అసిస్టెంట్ ఉద్యోగమట. బీఈడీ, టెట్ అనే టీచరు అర్హత పరీక్ష అక్కర్లేదట. రెండేళ్లు చేస్తే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు, అంటే ప్రభుత్వ హైస్కూల్లో టీచరు ఉద్యోగానికి దారట. ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసుకుంటే అదనపు జీతమట, దానికి ఓపిక ఉంటే చాలట. సర్టిఫికెట్ విదేశాల్లోనూ చెల్లుతుందట.

విదేశాల మాట వదిలేయండి, ముందు ఇక్కడ చెల్లాలి కదా.

బీఈడీ, టెట్ అక్కర్లేదన్నది నిజమే, ఎందుకంటే అసిస్టెంట్ టీచర్ కాదు. కానీ టీచరమ్మ సెలవు పెట్టిన రోజు ఆ క్లాసు మొత్తం ఈ అమ్మాయి మీదే పడేసే బడులు మన ఊళ్లో ఉన్నాయి, ఆ సంగతి మెసేజ్‌లో ఉండదు.

ఇక స్కూల్ అసిస్టెంట్ పోస్టు. ప్రభుత్వ టీచర్లను తీసుకునే డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ప్రైవేటు బడిలో చేసిన రెండేళ్లకు ఇందులో చోటెక్కడుంది? 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడితే గదులు అద్దెకు తీసుకుని రాత్రింబవళ్లు చదివిన వాళ్లంతా పిచ్చివాళ్లా? చిన్న క్లాసులకే చెప్పాలనుకునే పిల్ల ఇంటర్ తర్వాత టీచరు డిప్లొమా అయిన డీఎడ్ వైపు చూడాలి, కార్వేటినగరంలో ఆ కోర్సు చెప్పే ప్రభుత్వ కాలేజీ, డైట్, ఉంది. ప్రైమరీ పోస్టులకు బీఈడీ చెల్లదని సుప్రీంకోర్టు 2023లోనే చెప్పింది.

నాకు ఒళ్లు మండేది "ఓపిక ఉంటే చాలు" అన్న ముక్కకు.

నేను చూసిన ఒక బడిలో ఒకటో తరగతి పిల్లాడు, ఆటిజం. బెల్లు కొడితే చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. కొత్తగా చేరిన అసిస్టెంట్‌కు ఓపిక లేక కాదు, "లేచి కూర్చో నాన్నా" అని బతిమాలింది, వినకపోయేసరికి చెయ్యి పట్టి లాగింది. వాడు ఆమె మణికట్టు కొరికాడు. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత వచ్చిన స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకు చెప్పడంలో శిక్షణ పొందిన టీచరు, చేసిందల్లా బెల్లుకు కాస్త ముందుగా వాడికి బెల్లు బొమ్మ కార్డు చూపించి వరండా చివరికి నడిపించుకెళ్లడం. అది చదువుకుంటే వచ్చిన పని. అందుకే స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలని 1992 నుంచి చట్టమే ఉంది.

పిల్లాడికి ఫిట్స్ వస్తే? చేతిలో తాళాలు పెట్టడం మన దగ్గర ఇప్పటికీ మామూలే. చేయాల్సింది బెంచీలు పక్కకు జరిపి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా టైం చూసుకోవడం, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయడం. ఈ నాలుగు మాటలు కూడా చెప్పకుండా ఇంటర్ పాసైన అమ్మాయిని ఆ పిల్లాడి పక్కన కూర్చోబెడతారా? ఏదైనా జరిగితే ఆ తల్లికి ఎవరు సమాధానం చెప్తారు, మెసేజ్ కింద ఫోన్ నంబరు పెట్టినవాడా?

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. "ముందు క్లాసులో పనిచేసి చూడండి, తర్వాత చదవండి" అని అందులో ఒక లైనుంది, అది నూటికి నూరుపాళ్లు సరైన మాట. మంచి టీచరమ్మ కింద ఒక ఏడాది చేసిన పిల్లకు ముప్పైమంది ముందు గొంతు వణకదు, పెన్సిల్ పట్టడం రాని వేలిని ఎలా సరిచేయాలో చూసి ఉంటుంది, డీఎడ్‌లోనో బీఈడీలోనో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినప్పుడు తేడా తెలుస్తుంది. ఈ పని తనకు సరిపడదని తెలిసినా మంచిదే.

పిన్నికీ ఇదే చెప్పాను. చెల్లిని చేరనివ్వు, కోర్సుకు మాత్రం డబ్బు కట్టొద్దు. ఏ టీచర్ కింద పని, ఎంతమంది పిల్లలు, ఆ టీచర్ రాని రోజు క్లాసు ఎవరిది, జీతం ఏ తేదీన, ఇవన్నీ చేరకముందే అడగమను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటే ఇవ్వొద్దు, జెరాక్సులు చాలు.