వేగం కంటే ముందు బ్రేకులు

గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అనే రేసు ట్రాక్‌లో సొంత కారుతో ట్రాక్ డేకు (మామూలు కారు యజమానులు రేసు ట్రాక్‌పై నడిపే రోజుకు) వెళ్లిన అనుభవాన్ని మీరు ప్రచురించిన వ్యాసంలో వ్యాసకర్త చక్కగా వర్ణించారు గానీ, మూడో మలుపు తర్వాత కిలోమీటరుకు పైగా తిన్నగా సాగే దారిలో అందుకున్న వేగానికే ఎక్కువ చోటిచ్చారు. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ కార్లు పరుగెత్తిన ఆ 5.125 కిలోమీటర్ల ట్రాక్‌పై నేనూ ఒకసారి కారు నడిపాను. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ దారి చివర, నాలుగో మలుపు దగ్గర వేసిన బ్రేకే. మామూలు రోడ్డు కారులో అంత వేగం నుంచి పదే పదే బ్రేకు వేస్తే, వేడికి బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవంలా కాకుండా ఆవిరి ఒత్తిడికి కుంచించుకుపోతుంది కాబట్టి పెడల్ మెత్తబడి కిందికంటా దిగిపోతుంది. మూడో ల్యాపులోనే (ట్రాక్ చుట్టూ మూడో చుట్టులోనే) నాకు ఆ పరిస్థితి ఎదురైంది. పక్కన కూర్చున్న శిక్షకుడు వేగం తగ్గించి, బ్రేకులు చల్లబడేలా ఒక ల్యాపు నెమ్మదిగా తిప్పమని, పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట) ఆపాక, బ్రేకులు ఇంకా వేడిగా ఉంటాయి కాబట్టి హ్యాండ్ బ్రేకు మాత్రం వేయవద్దని చెప్పారు. (చెప్పకపోతే అలవాటు కొద్దీ వేసేవాడినే.) కొత్తగా వెళ్లేవారు ఖరీదైన టైర్ల కంటే ముందు బ్రేకు ద్రవాన్ని మార్పించుకోవాలి, అది గాలిలోని తేమను పీల్చుకుంటూ, పాతబడే కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది.