సీతమ్మ పేరు, గోళీ గుడ్లు

మళ్లీ అదే ఫిర్యాదు. బడి పిల్లల కంచంలో గుడ్డు చిక్కిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజన పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా ఆకలన్నవారికి విస్తరి వేసిన ఇల్లాలి పేరది. ఆ పేరు కింద గోళీకాయంత గుడ్డు వడ్డించడానికి చేతులెలా వస్తున్నాయి?

పోనీ గుడ్డుకు కరవున్న సీమా ఇది? తణుకు పరిసరాల ఫారాల నుంచి బెంగాల్ దాకా లారీలు నడుస్తున్నాయి. అక్కడి వ్యాపారి ట్రే చేత్తో ఎత్తి చూసే బేరమాడతాడు. మన బడిలో మాత్రం లెక్క సరిపోతే చాలు, సంతకం పడిపోతుంది.

కిటుకంతా ఆ లెక్కలోనే ఉంది. వ్యవసాయ సరుకులకు కేంద్రం ఇచ్చే నాణ్యత ముద్ర అగ్‌మార్క్ ప్రకారం 45 నుంచి 52 గ్రాములు తూగేది మీడియం, 38 నుంచి 44 అయితే స్మాల్. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టలు పెట్టేవి చిన్నవి, బజార్లో వాటికి ధర తక్కువ. గుడ్డుకింత అని బిల్లు కట్టేచోట వాటిని తోసేస్తే ఆ తేడా ఎవరి జేబులోకో చెప్పాలా? 200 మంది పిల్లలున్న బడికి వారానికి 5 చొప్పున 1,000 గుడ్లు కావాలి. 50 గ్రాములది రావలసినచోట 40 గ్రాములది వస్తే 10 కిలోలు ఎగిరిపోయినట్టే. అంటే 200 గుడ్లు! ప్రాథమిక బడి పిల్లవాడికి ఆ పూట అందాల్సిన మాంసకృత్తులు 12 గ్రాములు. అందులో సగం మంచి గుడ్డు ఒక్కటే ఇస్తుంది.

రేట్లు రోజుకో తీరుగా ఉంటాయని, గోదావరి మధ్య లంక ఊళ్ల బడులకు గుడ్లను పంటు మీద, అంటే పెద్ద పడవ మీద దాటించాలని సరఫరాదారుల వాదన. నిజమే. గోదావరి టెండరు వేసిన రోజూ అక్కడే ఉంది.

నిల్వ సంగతి ఇంకా ఘోరం. మన ఉక్కపోతలో గుడ్డులోని తేమ పెంకు రంధ్రాల్లోంచి ఆవిరై, లోపల గాలి గది పెరుగుతుంది. అందుకే నీళ్లలో వేస్తే తాజాది అడ్డంగా పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, పైకి తేలిందంటే పారేయాల్సిందే. పగిలినది ఉడకబెట్టనే కూడదు. (ఉడికిన సొన చుట్టూ ఆకుపచ్చ గీత కుళ్లు కాదు, పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచడం వల్ల వచ్చేది. దానికి వంటమ్మను తిట్టొద్దు.) కుళ్లిన గుడ్డు బయటపడితే ముందు దోషిగా నిలబడేది నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో పొయ్యి ఊదే ఆ మనిషే. ట్రేలు దించిపోయినవాడు కాదు.

యాప్‌లో ఫొటో పెట్టామంటారు అధికారులు. ఫొటోలో బరువు కనిపిస్తుందా? సీతమ్మ పేరు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయించినవారికి కిరాణా కొట్లో ఉండే కాటా ఒకటి బడికి కొనివ్వడం భారమైందా? ఖాళీ ట్రే బరువు తీసేశాక 30 మీడియం గుడ్లు కనీసం 1,350 గ్రాములు తూగాలి. తగ్గితే బండి దిగకముందే వెనక్కి పంపాలి, ఆ సరుకుకు బిల్లు ఆపాలి. తూచకుండా సంతకం పెట్టిన హెడ్‌మాస్టరునూ, ఆ సంతకం చూసి బిల్లు పాస్ చేసిన అధికారినీ కూడా సంజాయిషీ అడగాలి. అది చేతకాకపోతే ముందు బోర్డు మీది ఆ తల్లి పేరు చెరిపేయండి.