అరుగు మీద నిద్రపోతున్నవాడు తెల్లవారుజామున ఎక్కడున్నాడు?

పదిహేను రోజులుగా ఒక మెసేజ్ మా బంధువుల గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. సారాంశం ఇది: గోదావరి జిల్లాల వాళ్ళు సోమరులు. కాటన్ దొర కాలువ నీళ్ళు ఇంటిముందుకు తెచ్చాక ఒళ్ళు వంచడం మానేశారు. మధ్యాహ్నమైతే ఊరంతా నిద్రే. పంట విరామమని పొలాలు ఖాళీగా వదిలేశారు. జపాన్ వాళ్ళను చూసి నేర్చుకోవాలి. గొప్పవాళ్ళు నాలుగు గంటలే నిద్రపోతారు, వారానికి 70 గంటలు పనిచేస్తేనే బాగుపడతాం. చివర "అందరికీ పంపండి" అని.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఈ మెసేజ్‌ని మా తమ్ముడు నాన్న ఉన్న గ్రూపులోనే పెట్టాడు. నాన్న చదివారు, ఏమీ అనలేదు. ఆయన అనలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు మధ్యాహ్నం నిద్ర సంగతి. నాన్న రొయ్యల చెరువు దగ్గర జీతానికి కాపలా ఉంటారు. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ నాచే రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లవారుజాముకి అది బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ వేయడం ఆలస్యమైతే నెలల తరబడి పెంచిన పంట ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే నాన్న రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. పొద్దున మేత వేయించి, ఇంటికొచ్చి, అన్నం తిని అరుగు మీద నడుం వాలుస్తారు. మెసేజ్ రాసినవాళ్ళకు కనిపించింది ఆ అరుగు. రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద వాళ్ళెవరూ లేరు.

కొబ్బరి దింపు కార్మికులదీ అదే లెక్క. వెలుగు రాగానే చెట్టెక్కుతారు, ఎండ ముదిరేలోగా దిగిపోతారు. అంత ఎత్తున కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి ఏముంటుంది? మా వైపు వేసవి ఎండ ఒక ఎత్తు, ఉక్క ఇంకో ఎత్తు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం పక్కనే ఉన్న ఈ నేల మీద గాలిలో తేమ ఎక్కువ, చెమట కారుతుందే తప్ప ఆరదు. మధ్యాహ్నం ఆ మూడు గంటలు నీడన ఆగడం ప్రాణం నిలబెట్టుకునే పద్ధతి. చరక సంహిత పగటి నిద్ర మంచిది కాదంటూనే ఎండాకాలంలోనూ, పనిచేసి అలిసినవాళ్ళకూ ఒప్పుకుంది.

కాలువ నీళ్ళు సోమరులను చేశాయన్నది ఇంకా పెద్ద పొరపాటు. నీళ్ళు వచ్చాక పని పెరిగింది. తొలకరి పంట సార్వా కోతలు, నూర్పిళ్ళు అయ్యీ కాకముందే రెండో పంట దాళ్వా నారుమళ్ళు, మళ్ళీ దమ్ము, మళ్ళీ నాట్లు. కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట కింద సుమారు పది లక్షల ఎకరాల్లో ఈ చాకిరీ ఎవరు చేస్తున్నారు? మెసేజ్‌లో పేరెత్తారు కాబట్టి కాటన్ గురించే చెబుతాను. ఆనకట్ట పని 1847లో మొదలైంది. 1848లో ఆరోగ్యం దెబ్బతిని, పనిని కెప్టెన్ ఆర్ అనే అధికారికి అప్పగించి, ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. 1850లో తిరిగొచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. మధ్యలో ఆగినందుకు ఆయన్ని సోమరి అన్నవాళ్ళు ఈ డెల్టాలో లేరు, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం.

కాలువకి కూడా విశ్రాంతి ఉంది: ఏటా వేసవిలో నీళ్ళు కట్టేసి, పూడిక తీసి, షట్టర్లు బాగుచేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట ఆపుతారు. "కనుమ నాడు కాకైనా కదలదు" అన్నది మన పెద్దల మాటే. ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. విశ్రాంతికి ఒక రోజు కేటాయించి దాన్ని పండగ చేసుకున్న జాతి మనది.

పంట విరామం గురించి రెండు మాటలు చాలు. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసింది పడుకోవడానికి కాదు. పెట్టుబడి కూడా తిరిగిరాని ధర మీద అది నిరసన. కారణాలు తేల్చడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేయాల్సి వచ్చింది కూడా అందుకే.

ఇక జపాన్. అతిగా పనిచేసి చనిపోవడానికి ఆ భాషలో ఒక పేరే ఉంది, కరోషి. దాన్ని ఆపడానికి 2014లో చట్టం చేసుకున్నారు. 2018లో ఇంకో చట్టం తెచ్చి ఓవర్‌టైమ్‌ని మామూలుగా నెలకు 45 గంటలకు, ఏడాదికి 360 గంటలకు పరిమితం చేశారు. వాళ్ళు ఎంతోమందిని పోగొట్టుకుని వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని మనం నేర్చుకోవాలా?

70 గంటలన్నది 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు అన్న మాట. ఆయన కష్టం మీద నాకు గౌరవం ఉంది, లెక్క మాత్రం ఒప్పుకోను. 1948 ఫ్యాక్టరీల చట్టమే వారానికి 48 గంటలని, ఏకబిగిన ఐదు గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాసింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక లెక్క ఇచ్చాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

నాలుగు గంటల నిద్ర చాలదని మా తమ్ముడిని చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నైట్ షిఫ్టు వాడిది. ఎప్పుడు ఫోన్ చేసినా టెన్షనే. రెండు సంక్రాంతులకు ఇంటికి రాలేదు. ఆ మెసేజ్ వాడు పంపింది రాత్రి రెండూ పదికి. వాడి మీద నాకు కోపం లేదు, దిగులుంది.

మెసేజ్‌లో లేని మాట ఒకటి నేను చెప్పాలి. నాన్నకి అరుగు ఉంది. అమ్మకి అదీ లేదు. పొద్దున నాట్లకి వెళ్ళి, నడుం విరిగేలా వంగి, మధ్యాహ్నం వచ్చి పొయ్యి ముందు కూర్చుంటుంది. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. మొన్న ఊరెళ్ళినప్పుడు, గిన్నెలు నేను తోముతాను, నువ్వో గంట పడుకో అన్నాను. అమ్మ వీధి వైపు చూసి, "పగలు పడుకుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారే" అంది.